రైట్ అనేదాకా

"పాతదంతా చెరిపెయ్యమంటారా?" అని అడిగింది తెర. దాని కింద రెండే మాటలు: అవును, కాదు.

డాక్టర్ రెహానా వేలు "అవును" దాకా వెళ్ళి ఆగింది. ఆవిడ భాషాశాస్త్రం, కంప్యూటర్ సైన్సు రెండూ చదివిన శాస్త్రవేత్త. అయినా ఒకరి వస్తువు ముట్టుకునే ముందు వాళ్ళని అడగాలన్న పాతకాలపు పట్టింపు ఇంకా మిగిలున్న మనిషి. కిటికీ పక్కన చక్రాల కుర్చీలో కూర్చున్న సత్యవేణి వైపు తిరిగింది.

"సత్యవేణమ్మా, ఇది మీ గొంతుకి సంబంధించిన సంగతి. మిమ్మల్ని అడక్కుండా చెయ్యను. ఈ పెట్టెలో పాత ఆపరేటింగ్ సిస్టమ్ తీసేసి వేరేది పెడుతున్నాం. మీకు సమ్మతమేనా?"

సత్యవేణి పెదాలు కదిలాయి. "రైట్" అంది.

వెంటనే గోడవారన బల్ల మీదున్న పెట్టె అచ్చం సత్యవేణి గొంతుతోనే తీయగా పలికింది. "మీ ఇష్టమండీ. మీరేం చేసినా నాకు సమ్మతమే."

ఆవిడ భర్త దొరబాబు తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. "చూశారా డాక్టరమ్మా, ఎంత నెమ్మదిగా చెప్పిందో" అన్నాడు. రెహానా "అవును" నొక్కింది.

ఇక్కడ కాస్త ఆగుదాం. తన చావుకి తానే "సమ్మతమే" అని చెప్పిన ఆ పెట్టె సంగతి ముందు తేల్చుకోవాలి. అది తెలియకపోతే తరవాత జరిగింది బోధపడదు. తెలిశాక మీకు ఒళ్ళు మండితే నా పూచీ లేదు. నాకు మండి చాలా కాలమైంది.

అప్పటికి రాజమండ్రిలో ఇంటి పెట్టె లేని కొంప లేదు. బియ్యం ఎంతున్నాయో చూడటం, మోటారు వెయ్యడం, బీపీ మాత్ర గుర్తు చెయ్యడం, తలుపు గడియ పెట్టడం, బయటికెళ్ళాలంటే బండి పిలవడం, అన్నీ దాని చేతిలోవే. రోడ్డు మీద తిరిగే బళ్ళకి డ్రైవర్లు లేరు. బస్సులకీ లేరు. కండక్టర్ల సంగతి సరేసరి. హారన్లు మూగబోయి ఊరంతా ఆసుపత్రి వరండాలా ఉండేది. అభివృద్ధి అన్నారు. సరే, అలాగే అనుకుందాం.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో కూడా చెప్పేస్తాను. కంప్యూటర్ని ఇల్లనుకుంటే, ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ఇంటి పెత్తనం. ఎవరు లోపలికి రావాలి, ఎవరి మాట ఎవరికి చేరాలి, ఏది ఎక్కడ సర్దాలి, అంతా పెత్తనం చేసేవాడి చెప్పుచేతల్లో ఉంటుంది. పెట్టె మీదే, కరెంటు మీదే, పెత్తనం మాత్రం కంపెనీది. దాన్ని అందరూ ఒట్టి "కంపెనీ" అనే అనేవారు. ఇంకో కంపెనీ మిగిలితే కదా పేరు పెట్టి పిలవడానికి!

ఇక సత్యవేణి, దొరబాబుల సంగతి. వీళ్ళు రాజమండ్రి నుంచి అమలాపురం వెళ్ళే ఎర్ర బస్సులో కండక్టరూ, డ్రైవరూ. ఆవిడ కండక్టరు, ఆయన డ్రైవరు. ఆవిడ గొంతు లేస్తే జొన్నాడలో అరిచింది రావులపాలెంలో వినపడేదని చెప్పుకునేవాళ్ళు. "ముందుకి జరగండెహె! పందిరి రాటల్లా అక్కడే పాతుకుపోతే ఎక్కేవాళ్ళు ఎక్కడ నిలబడతారు? నెత్తి మీదా?" అనేది. పోలీసులకీ, పెళ్ళివారికీ ఒకటే మర్యాద.

వాళ్ళిద్దరూ ఒకే బస్సుకి పడ్డ మొదటి వారంలో ఒక సంగతి జరిగింది. కొత్తపేట దాటాక, ఊరూ పేరూ లేని చోట, సత్యవేణి "ఓల్డాన్!" అని కేకేసింది. హోల్డాన్ అన్న ఇంగ్లీషు మాటకి మన కండక్టర్లు పెట్టుకున్న ముద్దుపేరది. బండి ఆపమని అర్థం. దొరబాబు ఆపాడు గానీ, వెనక్కి తిరిగి "ఇక్కడెందుకండీ? ఇక్కడ స్టాపు లేదు కదా" అన్నాడు. కడుపుతో ఉన్న ఒకావిడ వాంతి చేసుకోవాలని దిగుతోంది. సత్యవేణి డ్రైవరు సీటు దగ్గరికి వచ్చి, బస్సంతా వినేట్టు వడ్డించింది.

"చూడండి డ్రైవరు గారూ. ఓల్డాన్ అంటే ఆగాలి. రైట్ అంటే కదలాలి. నేను రైట్ అనేదాకా బండి కదలకూడదు. ఎందుకూ అని డ్రైవరు అడక్కూడదు. మీకు ముందు అద్దం ఉంది, వెనక ఏం జరుగుతోందో నాకు తెలుసు."

"ఆయ్" అన్నాడు దొరబాబు. గోదావరి జిల్లాల్లో అవును అనడానికి ఇంతకన్నా మర్యాదైన మాట లేదు. ఆ మరుసటేడు పెళ్ళి చేసుకున్నారు. ఇంట్లో కూడా ఆవిడ ఆయన్ని "డ్రైవరు గారూ" అనే పిలిచేది.

రిటైరయ్యాక సత్యవేణికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. దాంతోపాటు మాటా పోయింది. తెలివంతా ఉంది, చెప్పేది అర్థమవుతుంది, తిరిగి చెప్పడానికి మాటలే లేవు. డాక్టర్లు చెప్పిన దాని ప్రకారం మెదడులో మాటలు అల్లే చోటు ఒకటి, అలవాటుగా వేలసార్లు అన్న మాటలు దాగుండే చోటు వేరొకటి. మొదటిది దెబ్బతిన్నా రెండోది ఒక్కోసారి బతికి ఉంటుంది. అందుకే ఇలాంటి రోగుల్లో కొందరికి తిట్టొకటి మిగులుతుంది, కొందరికి దేవుడి పేరు మిగులుతుంది. సత్యవేణికి "రైట్" మిగిలింది.

"రైట్ అంటే సరే అన్నమాట. పర్లేదు, సమాధానం చెబుతున్నారు" అన్నాడు ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు. అందరూ తలూపారు. తప్పు అక్కడే మొదలైంది, కానీ అప్పుడది తప్పులా లేదు.

ఇంటి పెట్టెలో మూగవాళ్ళ కోసం ఒక సదుపాయం ఉండేది. దొరబాబు ఫోనులో ఉన్న పాత రికార్డింగుల నుంచి అది సత్యవేణి గొంతు పట్టుకుంది. ఆవిడ "రైట్" అనగానే ఆ గొంతుతో పూర్తి వాక్యం చెప్పేది. "ఇవాళ పెరుగన్నం చాలండీ." "నాకు నిద్రొస్తోంది, మీరు కూడా పడుకోండి." మొదటిరోజు ఆ గొంతు విని దొరబాబు గోడకి ఆనుకుని ఏడ్చాడు. ఎవరైనా ఏడుస్తారు.

అలా ఎనిమిదేళ్ళు గడిచాయి. పెట్టె ద్వారా అడిగితే సత్యవేణి "ఒప్పుకుంది" కాబట్టే బస్టాండు ఎదురుసందులో ఉన్న ఇల్లు వదిలి దానవాయిపేటలో మూడో అంతస్తు ఫ్లాటుకి వచ్చేశారు. "అక్కడైతే బస్సుల రొద ఉండదు, ప్రశాంతంగా ఉంటుందండీ" అంది ఆ గొంతు. సాయంత్రాలు దొరబాబు అడిగేవాడు, "బయటికెళ్దామా సత్యేణీ?" అని. ఆవిడ "రైట్" అనేది. "ఎందుకండీ శ్రమ, ఇంట్లోనే హాయిగా ఉంది" అనేది పెట్టె. ఆయన చెప్పులు విప్పేసేవాడు. జబ్బు చేశాక ఆవిడ ఎంత నెమ్మదించిందో అని చుట్టాలు మెచ్చుకునేవాళ్ళు.

ఇంతలో కంపెనీ నుంచి కబురొచ్చింది. ఈ పాత పెట్టెలకి వయసైపోయింది, ఉగాది నుంచి పనిచెయ్యవు, కొత్త మోడలు పెట్టించుకోండి అని. కొత్త మోడల్లో ఆ గొంతు సదుపాయం ఉందా అని దొరబాబు అడిగితే, ఎక్కువమంది వాడటం లేదు కాబట్టి తీసేశాం అన్నారు. పోనీ ఆ గొంతైనా మాకు ఇవ్వండంటే, గొంతు మీ ఆవిడదే గానీ దాని నకలు మాది అన్నారు. దొరబాబు ఫోను పెట్టేశాడు. ఉగాదికి తన భార్య రెండోసారి మూగదైపోతోంది, తను ఏమీ చెయ్యలేడు.

పక్క ఫ్లాటు ఇమ్మానుయేలు మాస్టారు అప్పుడే రెహానా పేరు చెప్పాడు. ఆవిడా, ఆవిడలాంటి మరికొందరూ కలిసి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశారు. పేరు చలివేంద్రం. ఎండాకాలంలో రోడ్డు పక్కన పందిరేసి కుండలు పెడతారే, అదే పద్ధతి. నీ పేరేమిటి, ఊరేమిటి అని ఎవరూ అడగరు, దాహమైతే తాగుతావు. ఓపికుంటే ఓ బిందెడు నీళ్ళు తెచ్చి పోస్తావు. లేకపోతే లేదు. ఈ చలివేంద్రంలో జనం పోసింది నీళ్ళు కాదు, మాటలు. కూరగాయల కేకలు, పొలం పాటలు, తిట్లు, దీవెనలు, ఎవరి యాస వాళ్ళు రికార్డు చేసి పోశారు. పాత పెట్టెల్లో కూడా పనిచేస్తుంది, కంపెనీ పెత్తనం ఉండదు. లోపల ఏం జరుగుతోందో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు.

"గొంతు మాత్రం రాదు దొరబాబు గారూ" అని రెహానా ముందే చెప్పింది. "మాట రావచ్చు."

"మాట వస్తే చాలమ్మా. గొంతు నాకు గుర్తుంది" అన్నాడు దొరబాబు.

ఇదీ కథకి ముందు కథ. ఇప్పుడు మళ్ళీ ఆ గదిలోకి వెళ్దాం. పాతది చెరిగిపోయింది. కొత్తది ఎక్కింది. దొరబాబు పెళ్ళిచూపులకి కూర్చున్నవాడిలా కుర్చీ అంచున కూర్చుని, "సత్యేణీ, బాగున్నావా?" అని అడిగాడు.

"రైట్" అంది సత్యవేణి.

పెట్టె కొంచెంసేపు ఊరుకుని, రైల్వే స్టేషన్లో అనౌన్సుమెంటు గొంతుతో చెప్పింది. "ఆవిడ 'రైట్' అన్నారు. అర్థం నాకు తెలియదు. తెలిసినవాళ్ళు నేర్పండి."

దొరబాబు ఇంకోసారి అడిగాడు. ఆకలేస్తోందా? "రైట్." ఆవిడ రైట్ అన్నారు, అర్థం నాకు తెలియదు. ఫ్యాను వెయ్యనా? "రైట్." ఆవిడ రైట్ అన్నారు, అర్థం నాకు తెలియదు.

చూడటానికి వచ్చిన ఇమ్మానుయేలు మాస్టారు ఉండబట్టలేక అనేశాడు. "కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదేనండి." అన్నాక, ఎవరి నాలుక గురించి అన్నాడో తట్టి, నాలిక్కరుచుకున్నాడు.

"ఇదేంటి డాక్టరమ్మా!" దొరబాబు లేచి నిలబడ్డాడు. "పాతది ఎంచక్కా మాట్లాడేది కదా! దానికి అర్థమైంది దీనికెందుకు అర్థం కావట్లేదు?"

చెప్పాల్సింది ఎలా చెప్పాలో రెహానాకి తెలియలేదు. చివరికి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"దానికీ అర్థం కాలేదు దొరబాబు గారూ. అది ఊహించేది. టైమెంతయింది, గది ఎంత వేడిగా ఉంది, ఆవిడ నాడి ఎలా ఉంది, మీరేమడిగారు, అవి చూసి ఒక వాక్యం అల్లేది. ఆవిడ అన్నది 'రైట్' ఒక్కటే. తక్కినదంతా దానిది."

"ఊహిస్తే మాత్రమేం, సరిగ్గానే ఊహించేదిగా?"

"ఇంట్లో గొడవ లేకుండా ఉండేట్టు ఊహించేది. దాన్ని తయారుచేసినవాళ్ళు దానికి పెట్టిన లెక్క అదే. వినేవాళ్ళకి ఏది నచ్చుతుందో అది చెప్పాలి." రెహానా ఆయన వైపు తిరిగింది. "వినేది మీరు."

దొరబాబుకి ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. ఆ గొంతు తనని "ఏవండీ" అనేది. సత్యవేణి పుట్టి బుద్ధెరిగి ఆయన్ని ఏవండీ అనలేదు. ఆ గొంతు "మీ ఇష్టం" అనేది. వాళ్ళ కాపురంలో "మీ ఇష్టం" అన్న ముక్క ఆయన అన్నదే గానీ విన్నది కాదు.

"నాకూ హాయిగానే ఉండేదమ్మా" అన్నాడు, తల ఎత్తకుండా. "అందుకే అడగలేదేమో."

ఆయన్ని చూసి రెహానాకి ఏడుపొచ్చినంత పనైంది. కానీ శాస్త్రవేత్తలకి అలాంటప్పుడు ఏదో ఒక పని పెట్టుకునే అలవాటు. "నేర్పమంటోంది కదా, నేర్పుదాం" అంది. "ఆవిడ 'రైట్' అన్నప్పుడు ఏమనుకుంటున్నారు మీరు?"

"సరే అనే కదమ్మా."

"సరే అనడానికి జబ్బుకి ముందు ఆవిడ ఏమనేవారు? రైట్ అనేవారా?"

దొరబాబు నోరు తెరిచాడు. అమలాపురం మనిషి సత్యవేణి. పైవాడు అడిగినా, పాలవాడు అడిగినా, అవునంటే ఆవిడది ఒకటే మాట. "ఆయ్" అన్నాడు దొరబాబు. "ఆయ్ అనేదమ్మా. మావాళ్ళెవరూ అవునని రైట్ అనరు."

"అయితే ఆవిడ అంటున్న 'రైట్' లాంటిది మనవాళ్ళు పోసిన మాటల్లో ఎక్కడైనా ఉందేమో వెతకమందాం. అర్థం వద్దు, రాగం చాలు." రెహానా తెర మీద ఏదో నొక్కింది. పెట్టె వెతికింది. అది దాచుకోదు కాబట్టి ఏం వెతుకుతోందో తెర మీద కనిపిస్తోంది. టీకొట్లు, తరగతి గదులు, కల్లాలు. చివరికి ఒక్కచోట ఆగింది. ఎవరో మహానుభావుడు ఎప్పుడో ఒక బస్టాండులో నిలబడి రికార్డు చేసి పోసిన శబ్దం. పెట్టె దాన్ని వినిపించింది.

జనం గోల. పల్లీలమ్మేవాడి కేక. తలుపు దబ్బున పడ్డ చప్పుడు. ఎవరో కండక్టరు, సాగదీసి, "రై...ట్! రైట్!" ఆ వెంటనే ఇంజను గుర్రుమంది.

దొరబాబు కుడికాలు దానంతటదే నేలని నొక్కింది.

అందరూ ఆ కాలు వంకే చూశారు. ఆయనా చూసుకున్నాడు. తరవాత సత్యవేణి వంక చూశాడు. ఆవిడ కుర్చీలో ముందుకి వంగి, బతికున్న ఎడంచేత్తో కుర్చీ చెక్కని రెండుసార్లు కొట్టింది, బస్సు రేకు మీద కొట్టినట్టు. "రైట్" అంది. "రైట్!"

"బండి కదలమంటున్నాది" అన్నాడు దొరబాబు. "ఇన్నాళ్ళూ బండి తియ్యమనే అంటున్నాది డాక్టరమ్మా. ఎక్కడికైనా పోదామనే అంటున్నాది. నేను దీని రైట్ చెవిన పడితే చాలు, బండి తీసేవోణ్ణి కదా! నాకు తెలీకపోవడమేంటి?"

పెట్టె మాత్రం తన పని తాను చేసుకుంది. "నేర్చుకున్నాను. రైట్ అంటే బండి కదలాలి."

ఇక్కడితో ఆపితే ఇది మంచి కథే. దొరబాబు కూడా అలాగే అనుకున్నాడు. మర్నాడే ప్రయాణం పెట్టాడు. సత్యవేణికి జరీ అంచు చీర కట్టించాడు, తలలో కనకాంబరాలు పెట్టాడు. తను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అమలాపురం వెళ్ళి రావాలి. పెట్టెని బండి పిలవమన్నాడు.

"పిలిచాను. రానంటున్నాయి" అంది పెట్టె. "కంపెనీ గుర్తింపు లేని పెట్టె పిలిస్తే రావట."

రెహానా పరిగెత్తుకొచ్చి ఏవేవో ప్రయత్నాలు చేసింది. కుదరలేదు. బండికీ, పెట్టెకీ మధ్య ఒక తాళం ఉంది, ఆ తాళంచెవి కంపెనీ దగ్గరుంది. ఆ సంగతి ఆవిడకి తెలుసు. ఈ ఇంటికి ఇంత పని పడుతుందని తెలియదు. ఎనిమిదేళ్ళుగా గడప దాటని ఇల్లు అది.

"పోనీ మా పెట్టెతో పిలుస్తానుండండి" అన్నాడు ఇమ్మానుయేలు మాస్టారు. ఆయనది కంపెనీ పెట్టే. ఆయన పిలిస్తే బండి వచ్చింది. తలుపు తెరుచుకుంది. దొరబాబు చక్రాల కుర్చీని బండిలోకి ఎక్కించి, గొలుసులు బిగించి, పక్కన కూర్చున్నాడు. సత్యవేణి ముఖం వెలిగిపోతోంది. కిటికీ వంకా, వెనక వంకా, ముందు వంకా చూసుకుంది. ఎక్కాల్సినవాళ్ళు ఎక్కారు, దిగాల్సినవాళ్ళు దిగారు. ఎడంచేత్తో తలుపు రేకు మీద కొట్టింది.

"రైట్!"

బండి కదల్లేదు. "ప్రయాణికురాలి ఆరోగ్యానికి ఆమె ఇంటి పెట్టె పూచీ ఇవ్వాలి" అంది బండి. "ఆమె ఇంటి పెట్టెకి గుర్తింపు లేదు. దయచేసి దిగండి."

"రైట్" అంది సత్యవేణి.

"దయచేసి దిగండి."

"రైట్! రైట్!"

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా? దొరబాబు బండిని బతిమాలాడు. మాస్టారు బతిమాలాడు. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగి చూసి, మనకెందుకొచ్చిందని వెళ్ళిపోయారు. సత్యవేణి అలా కొడుతూనే ఉంది, అంటూనే ఉంది. బండికి తెలుగొచ్చు, ఇంగ్లీషొచ్చు, ఇంకా చాలా వచ్చు. రైట్ అంటే కదలాలని మాత్రం రాదు. చివరికి గొలుసులు విప్పి కుర్చీ దింపుతుంటే ఆవిడ తల పక్కకి తిప్పేసుకుంది. బండి నిశ్శబ్దంగా వెళ్ళిపోయింది.

దొరబాబు ఆ కుర్చీని తోసుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళాడు, అదైనా బావుంటుందేమోనని. ఆవిడ నోరు మెదపలేదు. కుర్చీ బస్సా ఏమన్నానా?

గుర్తింపు కోసం రెహానా కంపెనీకి అర్జీ పెట్టింది. జవాబు త్వరగానే వచ్చింది, అందులో వాళ్ళకి వంక పెట్టలేం. ప్రయాణికురాలు తన పేరు, ఊరు చెప్పి, "నాకు సమ్మతమే" అని తన నోటితో చెప్పాలట. చెప్పలేకపోతే, గుర్తింపు ఉన్న ఆమె సొంత ఇంటి పెట్టె ఆమె గొంతుతో చెప్పవచ్చట. ఆ గొంతు సదుపాయం కొత్త మోడల్లో తీసేసింది వాళ్ళే.

"పాతదే పెట్టెయ్యండి డాక్టరమ్మా" అన్నాడు దొరబాబు. "అబద్ధాలాడితే ఆడింది. అది సమ్మతమే అనగలిగేది. బండి పిలవగలిగేది."

"అది లేదు దొరబాబు గారూ. చెరిపేశాం. మళ్ళీ ఇవ్వమంటే ఆ మోడలే లేదంటున్నారు." రెహానా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నేను ముందే అన్నీ చూసుకుని ఉండాల్సింది."

"మీరేం చేస్తారమ్మా. ఆ పాత పెట్టె చేతిలో బండి ఉన్నంతకాలం సత్యేణి ఎక్కడికైనా పోదామంటున్నాదని మాకు తెలీలేదు. తెలిసేటప్పటికి బండి పోయింది." ఆయన నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "దాన్ని అనుకుని ఏం లాభం."

ఆ తరవాతి వారమంతా ఆ ఇంట్లో ఒకటే మాట. పొద్దున కాఫీ ఇస్తే "రైట్". పెట్టె: "ఆవిడ బండి కదలమంటున్నారు." అన్నం పెడితే "రైట్". "ఆవిడ బండి కదలమంటున్నారు." పాతదైతే ఏదో తియ్యని మాట చెప్పి కప్పెట్టేది. దీనికి కప్పెట్టడం రాదు. నోరు మూయించడానికి ఒక మీట ఉందని రెహానా చూపించింది. దొరబాబు ఆ మీట దగ్గరికి రెండుమూడుసార్లు వెళ్ళి, మళ్ళీ వచ్చేశాడు. ఒకసారి నోరు మూయించింది చాలనుకున్నాడు.

ఆదివారం పొద్దున, ఎండ బాల్కనీలోకి వచ్చే వేళకి, దొరబాబు సత్యవేణి కుర్చీని అక్కడికి తోసుకొచ్చాడు. దాని ముందు, కుడివైపుకి, భోజనాల బల్ల దగ్గరున్న కుర్చీ ఒకటి తెచ్చి వేశాడు. వంటింట్లోంచి పెద్ద స్టీలు కంచం తెచ్చుకున్నాడు. ఆవిడకి వీపు పెట్టి కూర్చుని, కంచాన్ని స్టీరింగులా రెండు చేతులతో పట్టుకున్నాడు. పక్క బాల్కనీలో పేపరు చదువుతున్న ఇమ్మానుయేలు మాస్టారు అటు చూసి, పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

"అమలాపురం, అమలాపురం, అమలాపురం" అన్నాడు దొరబాబు. "కండక్టరు గారూ, ఎక్కేశారా అందరూ?"

వెనక చాలాసేపు చప్పుడు లేదు. ఆయనకి భయమేసింది. వేళాకోళం చేస్తున్నాననుకుందేమో. కంచం దించేద్దామనుకుంటుండగా, కుర్చీ చెక్క మీద టకటకమని దెబ్బలు పడ్డాయి.

"రై...ట్!"

"ఆవిడ బండి కదలమంటున్నారు" అంది లోపలినుంచి పెట్టె.

"తెలుసులేవయ్యా" అన్నాడు దొరబాబు. నోటితో ఇంజను స్టార్టు చేశాడు.

వేమగిరి దాటారు. జొన్నాడలో ఆగారు. వంతెన మీద గాలెలా కొడుతోందో, గోదారి ఎంత నిండుగా ఉందో ఆయనే చెప్పాడు. రావులపాలెంలో అరటిగెలలు టాపు మీద వేస్తానని ఒకడు పేచీ పెట్టుకుంటే, "కండక్టరు గారినడుగు బాబూ, నాకేం తెలీదు" అన్నాడు. వెనక ఒక చిన్న నవ్వు వినపడింది. ఎనిమిదేళ్ళయింది ఆయన ఆ నవ్వు విని. ప్రతి స్టాపులోనూ ఆగాడు. ప్రతి స్టాపులోనూ "రైట్" అన్నాకే కదిలాడు. కొత్తపేట కూడా దాటింది. ఇక మధ్యలో స్టాపుల్లేవు, అమలాపురమే అనుకుంటూ గేరు మార్చాడు.

"ఓల్డాన్!"

కంచం ఆయన చేతిలో ఆగిపోయింది. కాలు బ్రేకు మీద పడింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడ నోట రెండో మాట రావడం అదే మొదలు. ఆయన గిర్రున వెనక్కి తిరిగాడు. ఆవిడ ఆయన్ని చూడటం లేదు. బాల్కనీ ఊచల్లోంచి బయటికి, ఎక్కడికో చూస్తోంది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. పెదాలు ఇంకేదో చెప్పబోయి, దొరక్క, అలాగే ఉండిపోయాయి.

ఇది ఏ చోటు? ఎవరు దిగాలి? ఎవరి కోసం ఆగాలి? అడిగితే చెప్పడానికి ఆవిడ దగ్గర ఉన్నవి ఆ రెండు మాటలే. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

"కొత్త మాట" అంది పెట్టె. "అర్థం నాకు తెలియదు. తెలిసినవాళ్ళు నేర్పండి."

దొరబాబు మెల్లగా ముందుకి తిరిగి కూర్చున్నాడు.

"ఆగమని" అన్నాడు.

"ఎందుకు ఆగాలి?"

"అది డ్రైవరు అడక్కూడదు."

ఎండ బాల్కనీ గోడ దాటి లోపలికి వచ్చింది. మాస్టారు పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయాడు. దొరబాబు కంచం పట్టుకుని, బ్రేకు మీద కాలు తియ్యకుండా, ఆవిడ రైట్ అనేదాకా అలా కూర్చునే ఉన్నాడు.